ఎడమ భుజం దిగిన కోటు

కుట్టు గది, మేడ మీద
వానలు మొదలైన వారం

వదినా,

నిన్న నీ కూతురు ఫోన్ చేసింది. నాకు సగమే వినపడింది. ఆ సగం చాలు. స్నానాల గదిలో పడిపోయావట. ఎంతసేపు అలా ఉన్నావో నీకే తెలియదట. నాకు రాసిన పోయిన ఉత్తరంలో మాత్రం "మోకాలు కాస్త మొరాయిస్తోంది" అని ఒక్క ముక్క రాసి, ఆపైన రెండు పేజీలు మీ వీధిలో పోస్టుడబ్బాకి కొత్తగా వేసిన రంగు గురించి రాశావు.

ఫోన్‌లో నిన్ను తిడదామంటే నువ్వు చెప్పేది నాకు వినపడదు, నేను అరిచేది వీధంతా వింటుంది. అందుకే కాగితం తీశాను.

నిన్ను ఒంటరిగా వదలడానికి వీల్లేదని మీ డాక్టరు ఖరాకండిగా చెప్పేసిందట. రోజూ వచ్చి చూసే మనిషి ఒకరుంటే సరే. లేకపోతే చలి ముదిరేలోపు నిన్ను వృద్ధుల నిలయంలో చేరుస్తానంది అమ్మాయి. వెళ్లి గది కూడా చూసి వచ్చిందట. దాన్నీ అనలేం. తనుండేది ఆఫీసువాళ్లిచ్చిన ఒంటి గది, అదీ వేరే ఊళ్లో. నిన్నెక్కడ పెట్టుకుంటుంది?

సూటిగా అడుగుతున్నాను, సూటిగా చెప్పు. నీ పక్కన ఎవరున్నారు?

నాటకం బట్టల పని నెత్తిమీద ఉంది. లేకపోతే నేనే వచ్చి పడేదాన్ని.

నీ ఆడపడుచు


నా గది, కిటికీ పక్కన
అదే వాన, తర్వాతి వారం

కత్తెరమ్మా,

ముందుగా ఒక సవరణ. నేను పడలేదు. నేల లేచి వచ్చింది. బతుకంతా పాఠ్యపుస్తకాల్లో అచ్చుతప్పులు దిద్దినదాన్ని, ఎవరు ఎవరి మీద పడ్డారో ఆమాత్రం చెప్పగలను.

డాక్టరుకి నా మనవరాలి వయసుంటుంది. గుండె విన్నది, కళ్లు చూసింది, నాలుక చాపమంది. అంతా అయ్యాక, "అమ్మమ్మా, రోజూ ఎవరితో మాట్లాడతారు?" అంది.

"జబ్బు సంగతి అడుగు తల్లీ" అన్నాను.

"అదే అడుగుతున్నాను" అంది.

తోడు లేనివాళ్లకి నిద్ర తక్కువట, రక్తపోటు ఎక్కువట, దెబ్బ తగిలితే మానడం ఆలస్యమట, మొత్తం మీద ఆయుష్షుకే కోత అట. ఒంటరితనం సిగరెట్లు కాల్చినంత చెరుపని కూడా అంది. "అయితే సిగరెట్లే రాసివ్వు. కొనుక్కోవడానికి కొట్టుకి వెళ్తే కొట్టువాడితోనైనా మాట్లాడొచ్చు" అన్నాను. నవ్వలేదు. చీటీ మీద ఏదో రాసి అమ్మాయికి ఫోన్ చేసింది. నా ఎదురుగానే, నేను బల్లనో బీరువానో అయినట్టు.

ఇక నీ ప్రశ్న. కంగారుపడకు, మనిషి ఉంది. పై వాటాలోకి ఈమధ్యే ఒకావిడ దిగింది. నాకంటే కాస్త చిన్నది. పెళ్లీ గిళ్లీ జోలికి పోలేదు. రోజూ సాయంత్రం మెట్లు దిగి వస్తుంది. టీ పోసిస్తే ముట్టుకోదు. అది పూర్తిగా చల్లారి, పైన మీగడ కట్టి, చూడ్డానికే అసహ్యంగా తయారయ్యాక ఒక్క గుక్కలో మింగుతుంది. డిటెక్టివ్ నవల చేతికిస్తే ముందు చివరి పేజీ చదివి, హంతకుడెవరో నాకు చెప్పేసి, ఆ తర్వాత తీరిగ్గా మొదలుపెడుతుంది. పొద్దున్నే నా కిటికీ తెర తొలగకపోతే దిగి వచ్చి తలుపు బాదేస్తుంది. మొత్తానికి భరించలేని మనిషి. హాయిగా ఉంది.

అమ్మాయికీ ఇదే చెప్పాను. సణిగింది, ఊరుకుంది. కాబట్టి ఆ నిలయంవాళ్లు నా గదిని ఇంకో ముసలిదానికి ఇచ్చుకోవచ్చు.

పోస్టుడబ్బాకి వేసింది పచ్చ రంగు. అది మాత్రం నిజంగా రాయాల్సినంత ఘోరంగా ఉంది.

నీ వదిన


కుట్టు గది
వాన కాస్త తెరిపిచ్చింది

వదినా,

బతికించావు. మనిషి ఉందని చదివాక నిన్న రాత్రి కాస్త నిద్ర పట్టింది.

అయినా అడుగుతున్నాను. చల్లారిన టీ తాగే మనుషులు లోకంలో ఇంకా ఉన్నారన్నమాట! అదే అలవాటుకి నన్ను ఒక్క పూటైనా వదిలావా? "దీన్ని టీ అనరే, గోడలకి పూసుకోవచ్చు" అనేదానివి. అన్నయ్య నవ్వు ఆపుకోలేక గది బయటికి పోయేవాడు. ఇప్పుడు పై వాటా ఆవిడ తాగితే హాయిగా ఉందా? నీ హాయి చల్లగుండ. నాకేం కుళ్లు లేదు. కొంచెం ఉంది.

నువ్వు మనవరాల్ని చూసుకోవడానికి ఇల్లు కదిలినప్పుడు నన్నూ రమ్మన్నావు. సామానుతో పాటు వచ్చే మూటని కాను నేను, అన్నాను. ఆ మనవరాలు పెద్దదై హాస్టల్‌కి పోయింది, నీ కూతురికి ఊరు మారింది, నువ్వు అక్కడే ఉండిపోయావు, నేను ఇక్కడే ఉండిపోయాను. పోనీలే, ఎవరి చోట వాళ్లం బాగానే ఉన్నాం. నా సంగతికొస్తే శిష్యురాళ్లు ముగ్గురూ నన్ను కుదురుగా కూర్చోనివ్వరు. పెద్దది ఇంటి నుంచి డబ్బా తెస్తుంది, తినేదాకా ఎదురుగా నిలబడుతుంది. ఒళ్లు చేస్తానేమోనని భయంగా ఉంది.

చలి వస్తోంది. మా వదిన తలుపు బాదే మనిషికి నేను ఒక కోటు కుట్టాలి. ఊరికే కాదు, మంచి ఉన్నితో. కొలతలు పంపు. కంటితో చూసి అంచనా వేయకు. నీ కంటిని అక్షరాల దగ్గర నమ్ముతాను గానీ ఒంటి దగ్గర నమ్మను. టేపు పెట్టి కొలువు. నిలబెట్టి కొలువు.

నీ ఆడపడుచు


నా గది
మబ్బు, వాన లేదు

కత్తెరమ్మా,

కోటెందుకే, శాలువా పంపితే పోదా? నువ్వు వినవు, తెలుసు. నేను ఇల్లు కదిలినప్పుడు నీ పాత టేపు ఒకటి నా పెట్టెలో పడి వచ్చేసింది. అంకెలు సగం చెరిగిపోయాయి. దాంతోనే కానిచ్చాను. రాసుకో.

ఛాతీ ముప్పై ఆరు. భుజం పద్నాలుగున్నర. చేతి పొడవు ఇరవై రెండు. ఎడమ భుజం మాత్రం కుడిదానికంటే అర అంగుళం దిగువ. లోపల మెత్త పెట్టాలి. పెట్టినట్టు కనపడకూడదు, ఒప్పుకోదు. మెడ దగ్గర గుండీ బిగిస్తే ఊపిరాడదంటుంది, ఒక వేలు దూరేంత వదులు ఉంచు. జేబు కుడివైపు ఒక్కటే చాలు, కాకపోతే లోతుగా. అందులో ప్రపంచం మొత్తం కుక్కుతుంది.

ఈ వారం ఆవిడ ఊళ్లో లేదు. చుట్టాలింటికి వెళ్లింది. ఇల్లు నిశ్శబ్దంగానే ఉంది, నాకు నిశ్శబ్దం కొత్తా? చదువుకుంటున్నాను. కూర వండితే నాలుగు పూటలు వస్తోంది. నాలుగో పూటకి ఆ కూరకీ నాకూ మాటలుండవు.

నిన్న రొట్టెల కొట్టుకి వెళ్లాను. కొట్టులో అమ్మాయి చిల్లర ఇస్తే థ్యాంక్స్ అందామని నోరు తెరిచాను. గొంతు రాలేదు. తుప్పు పట్టిన తలుపు తీసినట్టు ఒక కీచు మాత్రం వచ్చింది. ఆ పిల్ల బెదిరి నా వైపు చూసింది. నాకు అప్పుడు తట్టింది, పొద్దున్నుంచీ అదే నా మొదటి మాట. ముందురోజు కూడా ఏమైనా మాట్లాడానా అని ఆలోచించుకుంటూ వచ్చాను. ఇల్లు చేరేదాకా గుర్తు రాలేదు.

ఆవిడ ఊరి నుంచి వస్తే సర్దుకుంటుందిలే. నీ శిష్యురాలి డబ్బాలో ఏం వస్తోందో రాయి. ఊరికే, చదువుకోవడానికి.

నీ వదిన


కుట్టు గది

వదినా,

కొలతలు అందాయి. గుడ్డ కత్తిరించాను, భుజానికి మెత్త కుడుతున్నాను. జవాబు ఆలస్యమైంది, పని.

రెండు సంగతులు చెప్పు. ఆవిడ ఎడమ భుజం ఎందుకు దిగిందో ఎప్పుడైనా అడిగావా? కొలిచేటప్పుడు కదలకుండా నిలబడిందా?

డబ్బాలో వచ్చేవి మామూలే. కూరలు.

నీ ఆడపడుచు


నా గది, దీపం వేసుకుని
చలి మొదలైంది

కత్తెరమ్మా,

నువ్వు ఇంత పొట్టి ఉత్తరం రాశావంటే కోపంలోనైనా ఉండాలి, జ్వరంలోనైనా ఉండాలి. ఏదో ఒకటి ఒప్పుకో.

భుజం సంగతి అడగలేదు. ఒకరి భుజం ఎందుకు దిగిందని అడగడం మర్యాద కాదు. కదలకుండా నిలబడిందా అంటే, లేదు, ఎప్పుడు నిలబడింది గనక.

ఇంతకీ ఆ కోటు వద్దు. కత్తిరించిన గుడ్డ ఇంకెవరికైనా వాడేసెయ్. ఆవిడ వెళ్లిపోయింది. చుట్టాల దగ్గరే ఉండిపోతానని కబురు పంపింది. పై వాటాకి తాళం పడింది. గుమ్మం ముందు ఎవరో సైకిలు ఆనించి పోయారు. మెట్లెక్కి చూసి వచ్చాను. ఎందుకు చూశానో నన్నడక్కు.

ఇది అమ్మాయికి ఇంకా చెప్పలేదు. ఈ నెల చివరి ఆదివారం వస్తోంది. ఆవిడని కలిసి కృతజ్ఞతలు చెప్పుకుంటుందట, పండ్లు కూడా తెస్తుందట. ఎవరికి ఇస్తుందో చూడాలి. తాళం చూస్తుంది, నన్ను చూస్తుంది, ఆ తర్వాత నా పెట్టె ఎక్కడుందని అడుగుతుంది. నిలయంలో అంతా శుభ్రంగా ఉంటుందని చెప్పింది. ఆసుపత్రులు కూడా శుభ్రంగానే ఉంటాయి.

ఒక మాట రాస్తాను, నవ్వకు. ఆవిడ ఇక రాదని తేల్చుకున్న రోజు ఏడ్చాను. మీ అన్నయ్య పోయాక అంతలా ఏడ్చింది మళ్లీ అప్పుడే. అలవాటున రెండు కప్పుల టీ పోశాను. రెండోది చల్లారింది, మీగడ కట్టింది, ఎవరూ రాలేదు. చివరికి నేనే తాగాను. ఛీ. మీరిద్దరూ ఎలా తాగుతారే దాన్ని?

నీ వదిన


కుట్టు గది, అద్దం ముందు

వదినా,

ఇక చాలు.

కోటు పూర్తయింది. బూడిద రంగు ఉన్ని, లోపల ముదురు ఎరుపు అస్తరు. కత్తెర పట్టిన ఇన్నేళ్లలో ఇంత బాగా కుట్టింది లేదు.

నీ అంకెలు చూడగానే పోల్చుకున్నాననుకుంటున్నావేమో. లేదు. నా కొలతలు నాకెప్పుడూ నోటికి రావు. ఊళ్లో అందరినీ కొలిచే మనిషి తనని తాను కొలుచుకోలేదు. చెయ్యి ఎత్తితే భుజం మారుతుంది, టేపు చూద్దామని వంగితే నడుం మారుతుంది. అందుకే నా బట్టలకి ఎప్పుడూ నువ్వే వెనక నిలబడి టేపు పట్టేదానివి. నువ్వు అంకెలు చెప్తే అన్నయ్య రాసేవాడు. "కదలకే, నువ్వు ఊపిరి తీస్తే అర అంగుళం పెరుగుతున్నావు" అని కసిరేదానివి. నేను ఇంకా గట్టిగా ఊపిరి పీల్చేదాన్ని.

మెత్త కుట్టేటప్పుడు తెలిసింది. ఎడమ భుజానికి అర అంగుళం మెత్త నేను ఒక్క మనిషికే పెట్టాను. మిషను మీదికి వాలి వాలి దిగిపోయిన భుజం అది. అప్పుడు నీ ఉత్తరాలన్నీ మళ్లీ తీసి చదివాను. టీ నాది. చివరి పేజీ నాది. తలుపు బాదడం నాది. నీకు ఒక మనిషి కావాల్సి వస్తే, ఉన్నవాళ్లందరినీ వదిలేసి నన్ను అల్లావు. పై వాటాలో ఎవరూ లేరు. ఏనాడూ లేరు. నీ పక్కన ఎవరూ లేరు వదినా.

గట్టిగా తిడదామని కూర్చున్నాను. ముందు ఒకసారి తొడుక్కుని చూద్దామనిపించింది. నా కొలతలే కదా, అతికినట్టు సరిపోవాలి. తొడుక్కున్నాను.

వేలాడింది.

కొక్కేనికి తగిలించినట్టు వేలాడింది. భుజాలు జారి చేతుల మీదికి వచ్చాయి. గుండీలు పెడితే లోపల ఇంకో మనిషి పట్టేంత చోటుంది. కుట్టు తప్పేమోనని తిరగేసి చూశాను. తప్పేం లేదు.

ఇక నేనూ చెప్పాలి. శిష్యురాళ్లు లేరు. ఎండాకాలంలోనే వెళ్లిపోయారు. నాటకాలవాళ్లు ఇప్పుడు బట్టలు అద్దెకి తెచ్చుకుంటున్నారు. నెత్తిమీద పని ఉందన్నాను కదా, ఈ ఏడు నాటకమే లేదు. డబ్బా తెచ్చేవాళ్లు లేరు. ఒక్కదానికి గిన్నె కడగడం దండగనిపించి వండడం మానేశాను. ఆకలేస్తే ఏదో ఒకటి, నిలబడే తినేస్తాను. ఎదురుగా ఎవరూ లేకపోతే కూర్చోవడం ఎందుకని. నువ్వు పడిపోతే కనీసం చప్పుడైంది, నలుగురికీ తెలిసింది. నేను తరిగిపోయాను. నాకే తెలియలేదు. నువ్వు వెళ్లాక నన్ను కొలిచినవాళ్లు లేరు కదా.

ఆ రోజు నువ్వు రమ్మన్నావు, నేను రానన్నాను. నిజమే. రెండోసారి అడుగుతావని గుమ్మం దాకా వచ్చి నిలబడ్డాను. నువ్వు బండెక్కి, నాకు కాదు, గోడకి చెయ్యి ఊపావు.

కోటుని ఇప్పటి కొలతకి తగ్గిస్తాను. చలికి నేనైనా వేసుకుంటాను. కుట్లు విప్పడానికి బ్లేడు తీసి పక్కన పెట్టాను.

నీ ఆడపడుచు


నా గది, రెండో కుర్చీలో కూర్చుని

కత్తెరమ్మా,

బ్లేడు లోపల పెట్టు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. దిద్దడానికి ఒక్క తప్పూ దొరకలేదు, రాసిపెట్టుకో.

అంకెలు కల్పిద్దామనే కూర్చున్నానే. ఒక లావాటి మనిషిని కల్పిద్దామని కూడా అనుకున్నాను, నీ ఉన్ని అయిపోతుందని. పెన్ను పట్టుకునేసరికి చెయ్యి దానంతట అదే రాసేసింది. వేరే ఒంటి కొలత దానికి రాదు. ఊరందరి తప్పులూ ఏరినదాన్ని, నా అబద్ధం మధ్యలో అర అంగుళం నిజం పడితే గమనించుకోలేదు. గమనించకపోవడమే మంచిదైంది.

చెయ్యి గోడకి ఊపానన్నావు. కళ్లజోడు తీసేశాను. ఎందుకు తీశానో తెలుసుగా, కళ్లజోడు పెట్టుకుని ఏడిస్తే అద్దాలు తుడుచుకోవాలి. గోడేదో నువ్వేదో కనపడలేదు. రెండోసారి అడిగితే మళ్లీ కాదంటావని భయం. నువ్వు అడిగించుకునే మనిషివి, నేను అడగని మనిషిని. మీ అన్నయ్య ఉన్నన్నాళ్లూ నీ మాట నాకూ నా మాట నీకూ ఆయనే చేరవేశాడు. ఆయన పోయాక ఇద్దరం ఒకరి కబురు కోసం ఒకరం కూర్చున్నాం.

సరే. రెండోసారి అడుగుతున్నాను. వచ్చెయ్. నీ మంచికని అనను, డాక్టరు చెప్పిందని అనను. నా కోసం రా. మూటగా వస్తావో రాణిగా వస్తావో నీ ఇష్టం. మంచం వెడల్పుగానే ఉంది. గిన్నెలు నువ్వు కడుగు, తిట్లు నేను తిడతాను, కూర రెండు పూటల్లో అయిపోతుంది. అమ్మాయి ఆదివారం వస్తుంది, అంతకుముందే వస్తే దానికి పై వాటా ఆవిడని చూపిస్తాను. మెట్లు దిగి కాదు, బండి దిగి వచ్చిందంటాను. నువ్వు రాకపోతే నా పెట్టె సర్దేస్తారు. బెదిరిస్తున్నానా? బెదిరిస్తున్నాను.

కోటు తగ్గించకు. ఒక్క కుట్టు కూడా విప్పకు. వేలాడితే వేలాడనీ, అలాగే తొడుక్కుని రా. కోటు సరిగ్గానే ఉంది, సరిచెయ్యాల్సింది మనిషిని. వారం వారం వెనక నిలబడి చూస్తాను. టేపు నా దగ్గరే ఉంది.

నీ వదిన


కార్డు మీద

వదినా,

శుక్రవారం పొద్దుటి బండికి. బ్లేడు లోపల పెట్టేశాను.

నా టీ ఇప్పుడే పోసి పెట్టు.